నెత్తి ఫోటో

కరెంటు పోయింది. దుర్గవ్వను బల్ల మీద పడుకోబెట్టి, చెంపను చల్లటి పలకకు ఆనించి, "ఊపిరి బిగబట్టు చెల్లె, కదలకు" అన్న తర్వాత పోయింది. పోదా మరి, దానికేం నొప్పి! ఫోటోలు తీసే దశరథం ఆ చీకట్లోనే మిషను మీటలు రెండు మూడు సార్లు నొక్కి చూసి, లాభం లేదని చేతులు దులుపుకుని, "వచ్చేదాకా బయట కూసోండ్రి, ఎటూ పోకుండ్రి, రాంగనే మొదలు మీదే" అని ఆమెను వరండాలోకి పంపేశాడు. ఆ గదిలోనే కాసేపు పడి ఉండనిస్తే వాడి సొమ్మేం పోయేది? చీకటిగా ఉంది, చల్లగా ఉంది, ఒక్క మాట వినపడటం లేదు, ఈ లోకంలో దుర్గవ్వ నెత్తి అడిగేది అంతకంటే ఏముంది. కానీ ఎవరికి చెప్పాలి, చెప్తే ఎవరు వింటారు. వరండా సిమెంటు అరుగు మీద కూర్చుంది. ఎదురుగా దవాఖాన ప్రహరీకి ఎవడో కొత్తగా సున్నం వేసి పెట్టాడు, దాని మీద కరీంనగర్ ఎండంతా పడి, తిరిగి ఆమె కళ్లలోకే వస్తోంది. కుడిపక్క అత్త లస్మవ్వ. ఆమె కొంగుముడిలో దుర్గవ్వ చెవుల గంటీలు, ముక్కుపుల్ల, జడపిన్నులు భద్రంగా ఉన్నాయి. ఎడమపక్క మొగుడు పోశం, బొగ్గుబాయిలో పనిచేసే మనిషి, ఎంత రుద్దినా కంటిరెప్పల అంచున కాటుకలాగా బొగ్గు మిగిలే ఉంటుంది. ఇద్దరూ ఆమెకేసి చూస్తున్నారు. ఇద్దరి చూపుల్లోనూ ప్రేమ. ఆ ప్రేమను చూస్తుంటే దుర్గవ్వకు ఒళ్లు మండిపోతోంది.

ఎందుకు మండుతోందో ఆమెకే సరిగ్గా తెలియదు. అత్త కొంగుతో విసురుతోంది. "జర పండుకుంటవా బిడ్డా, నా తొడ మీద పెట్టు నెత్తి" అంటోంది. బిడ్డా! ఈ మాట ఎన్నడైనా విన్నదా ఆ నోటి నుంచి? కాపురానికి వచ్చిన నాటి నుంచీ విన్నది వేరే మాటలు. బాయి కూత కూసిందంటే, పొద్దటి షిఫ్టు కూత, ఆ కూత చెవిలోంచి దూరి ఎడమ కణత దగ్గర మేకులా దిగేది, దిగిన మేకును ఎవరో పొద్దుగూకేదాకా కొడుతూనే ఉండేవారు, కాలనీలో ఇంటింటి ముందూ బొగ్గుల పొయ్యిలు రాజేస్తే ఆ పొగ వాసనకు కడుపులోంచి అంతా పైకి వచ్చేది, అయినా పొయ్యి ముందు కూర్చోవాలి, షిఫ్టుకు పోయేవాడికి సద్ది కట్టాలి, కట్టలేక కణత పట్టుకుని గోడవారగా పడిపోతే గుమ్మంలోంచి లస్మవ్వ గొంతు. "మల్ల మొదలువెట్టింది నకరాలు. మా కాలంల మాకు నెత్తులు లేకుండెనా? నాట్లేసేనాడు లేదు నొప్పి, కోతలనాడు లేదు, గిన్నెలు తోమేటప్పుడే అస్తదీమెకు." వాడల అందరూ వినేలాగా. ఒక్కతే అన్నదా? పోశం ఏమైనా తక్కువ తిన్నాడా? తిట్టడు, కొట్టడు, మంచోడే, మంచోడని పేరు. మంచోడే ఓనాడు మంచం పక్కన కూర్చుని, మెల్లగా, నవ్వుకుంటూ, "నిజంగనే నొస్తందానే, లేకుంటే మా అవ్వతోని పడక గిట్ల జేస్తున్నవా? నాకు చెప్పు, ఎవ్వరికి చెప్ప" అన్నాడు. ఆ రోజు ఆమెకు కోపం కూడా రాలేదు, కోపానికి కూడా నెత్తిలో జాగా లేదు. ఇప్పుడు వస్తోంది. దాచి దాచి పెట్టిన కోపం, ఇక్కడ, ఈ వరండాలో, వాళ్లు ప్రేమగా చూస్తున్న వేళ వస్తోంది.

గోడ మీది సున్నంలో ఏదో కదిలింది. చిన్న మెరుపు, చూపుకు కొంచెం పక్కగా. చూద్దామని కళ్లు తిప్పితే అదీ పక్కకు జరిగింది. వచ్చేసింది. ఇది మొదలైందంటే నొప్పి వెనకాలే ఉందని అర్థం. మెరుపు మెల్లగా పెరిగి రంపం పళ్లలాగా వంపు తిరుగుతుంది, దాని లోపలి భాగమంతా ఖాళీ అయిపోతుంది, నలుపు కాదు, తెలుపు కాదు, ఏమీ ఉండదక్కడ. పోశం మొహంలో సగం అప్పుడే లేదు. మూతి ఉంది, ఒక కన్ను ఉంది. ఈ సంగతి ఆ దవాఖానలో చెప్పింది, మొట్టమొదట పోయిన దవాఖానలో. "సగం మనిషి కనబడడు సారూ" అని చెప్పింది. అక్కడి డాక్టరు ఆమె కళ్లలోకి లైటు కొట్టి చూశాడు, రెప్పలు లాగి చూశాడు, వేలు చూపించి ఎన్ని అని అడిగాడు. ఆ రోజు అన్ని వేళ్లూ కనిపించాయి, నొప్పి లేని రోజు మరి. ఏం లేదన్నాడు. ఆ తర్వాత మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు, కాలు ఎగిరింది, కాలు ఎగరడానికీ నెత్తికీ ఏం సంబంధమో, ఏం లేదన్నారు. నెత్తురు తీశారు, మూత్రం పట్టారు, ఏం లేదు. అద్దాలు పెట్టమన్నారు, పెట్టుకుంటే వాడల పిల్లలంతా పంతులమ్మా పంతులమ్మా అని వెంటపడ్డారు, నొప్పి మాత్రం అద్దాల లోపలే కూర్చుంది. ఎవరో పన్ను వల్లనేమో అన్నారు. పన్ను పీకారు. మంచి పన్ను, ఎడమ వైపు దవడ పన్ను, జొన్న గట్కలో రాయి పడితే నలిపేసే పన్ను, పీకి చేతిలో పెట్టారు. ఏం లేదు, ఏం లేదు, ఏం లేదు. ఎన్ని చోట్లకు పోయినా ఈ ఒక్క మాటే, చెప్పే ప్రతిసారీ వెనక నిలబడ్డ లస్మవ్వ మెడ ఇంత పొడుగయ్యేది. ఇంటికి రాగానే ఏం లేదట అని వాడకు చాటింపు. ఏం లేని దానికి వాంతి ఎట్లా అవుతుంది? ఏం లేనిది గోడకు నెత్తి కొట్టుకునేలా ఎట్లా చేస్తుంది? అడగాలని ఉండేది. నోరు తెరిస్తే వెలుతురు లోపలికి పోతుందేమోనన్నట్టు మూసుకునే ఉండేది.

అవ్వ మటుకు అర్థం చేసుకునేది. అవ్వ అంటే కన్నతల్లి బాలవ్వ, మంథని దగ్గరి ఊళ్లో. అవ్వకూ ఉండేది ఇదే నొప్పి. నొప్పి వస్తే వెదురు గుమ్మిలో దూరేది. వడ్లు అయిపోయి గుమ్మి ఖాళీగా ఉండే రోజుల్లో, ఎండాకాలం, పైనుంచి దిగి లోపల ముడుచుకుని కూర్చునేది, పేడ అలికిన గుమ్మి లోపల చల్లగా చీకటిగా ఉండేది, చిన్న దుర్గవ్వ బయట కూర్చుని వెదురు మీద వేలితో మెల్లగా గీకితే లోపలినుంచి అవ్వ కూడా గీకేది. ఉన్నాను, చావలేదు అని. నాయనమ్మ వచ్చి చూసిందా, జుట్టు పట్టి పైకి లాగేది. అవ్వ వెలుతురులోకి వచ్చేటప్పుడు మొహం ఎట్లా ఉండేదో దుర్గవ్వ ఎన్నడూ మరిచిపోలేదు. ఆ రజాకార్ల ఏడాది, ఊరు ఊరంతా గోదారి ఒడ్డు తుప్పల్లో దాక్కున్నప్పుడు, పసిపిల్లల నోళ్లలో గుడ్డ కుక్కి తల్లులు ఊపిరి బిగబట్టినప్పుడు, సరిగ్గా అప్పుడే అవ్వకు వచ్చింది నొప్పి. మూలిగింది. దబదబా కక్కుకుంది. పక్కనున్న వాళ్లు, సొంతవాళ్లే, చిన్నమ్మ వరసామె, అవ్వ నోట్లో కూడా గుడ్డ కుక్కింది. "సప్పుడు జేసి అందరినీ చంపుతవా, నీ నెత్తి పగల" అంది. కక్కు బయటికి రాలేక అవ్వ కళ్లు తేలేసింది. రజాకార్లు అటు రానే లేదు. ఊరికి తిరిగి వచ్చాక అందరూ ఆ సంగతి చెప్పుకుని నవ్వారు, బాలవ్వ అందరినీ చంపుతుండె అని. అవ్వ కూడా నవ్వింది. ఎందుకు నవ్వింది అవ్వ? చెంప పగలగొట్టక ఎందుకు నవ్వింది? ఆ నవ్వు మీద దుర్గవ్వకు ఇవాళ్టికీ కోపమే. అవ్వ చచ్చిపోయింది, నొప్పితో కాదు, జ్వరంతో. జ్వరం వచ్చినప్పుడు మాత్రం అందరూ నమ్మారు, చెయ్యి పెడితే కాలుతుంది కదా, నమ్మక ఏంచేస్తారు. నొప్పికి చెయ్యి పెట్టి చూసే వీలు లేదు. అంతే కదా దాని తప్పు.

ఫోటో వచ్చాకే ఇదంతా మారింది. లక్సెట్టిపేటలో ఒక డాక్టరు కొత్తగా మిషను తెచ్చుకున్నాడని, మనిషి లోపలున్నదంతా ఫోటోలో పడుతుందని పోశం బాయిలో ఎవరో చెప్పగా విని వచ్చాడు. చివరిసారి చూద్దాం అన్నాడు. లస్మవ్వకు ఇష్టం లేదు, బండెడు చాకిరీ వదిలి ఊళ్లు తిరగడానికి ఇదో సాకు అంది, అయినా కొడుకు మాట కాదనలేక ఆ పొద్దున తన వైద్యం తాను చేసింది. ఎప్పుడూ చేసేదే, సిందూరం, ఆముదం, నిమ్మరసం కలిపి రాతి మీద నూరి, కోడలిని ముందర కూర్చోబెట్టి, ఎడమ కణత నుంచి చెవి పైదాకా, జుట్టు కుదుళ్లలోకి ఇంకేలా మూడు వేళ్లతో కసిగా రుద్ది దట్టంగా పట్టు వేసింది. దాని మీద గుడ్డ కట్టేసింది. "డాక్టరుకు చెప్పకు, నాటు మందు అంటే వాళ్లు గుస్సా చేస్తరు" అని కూడా చెప్పింది. ఎవరడిగారు చెప్పడానికి? ఆ లక్సెట్టిపేట డాక్టరుకు తన మిషను మీద ఉన్న మురిపెంలో మనిషి మొహమే కనపడలేదు, గుడ్డ విప్పమని కూడా అనలేదు. పక్కకు తిప్పి ఒక్క ఫోటో తీశాడు. అది ఆరేదాకా కూర్చోబెట్టాడు. తర్వాత దాన్ని కిటికీకేసి పట్టుకుని చూసి, గొంతు సవరించుకుని పోశాన్ని మాత్రం లోపలికి పిలిచాడు. పోశం బయటికి వచ్చినప్పుడు బాయి కూలితే బయటపడ్డవాడిలా ఉన్నాడు. నెత్తిలో మచ్చ ఉందట. గడ్డ కావచ్చట. కరీంనగర్ తీసుకపోవాలట.

ఆ రోజు నుంచి రాజభోగం! కిటికీకి గోనె సంచి కట్టి గది చీకటి చేశారు. వాడల పిల్లలు గట్టిగా అరిస్తే లస్మవ్వ చీపురు పట్టుకుని తరిమింది. తెల్లారి కూతకు లేవాల్సిన పని లేదు, పొయ్యి మొహం చూడాల్సిన పని లేదు, అత్త స్వయంగా గంజి కాచి మంచం దగ్గరికి తెచ్చింది, కాళ్లు పిసికింది. "తెల్వక అన్న బిడ్డా, నిజంగనే ఉన్నదని నాకేం తెలుసు" అని కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. దుర్గవ్వ కూడా ఏడ్చింది. నెత్తిలో గడ్డ ఉందని కాదు. నమ్మారని. బతికినన్ని రోజుల్లో మొదటిసారి నమ్మారని, గడ్డకు మనసులోనే దండం పెట్టుకుంది, నా తల్లీ, ఇన్నాళ్లు ఎక్కడున్నవే అనుకుంది. ఎంత సిగ్గు! ఎంత సిగ్గుమాలిన బతుకు, చంపే గడ్డకు మొక్కే బతుకు!

ఇక్కడికి వచ్చాక పొద్దున పెద్ద డాక్టరు గుడ్డకట్టు మీదనే చూశాడు. కోస్తా మనిషి, మాట మెత్తన, ప్రతిదీ వివరంగా చెప్తాడు, అదే ప్రాణం తీస్తుంది. "భయపడకమ్మా. మళ్లీ ఒక ఫోటో తీయించి చూద్దాం. ఆ మచ్చ ఇందులో కూడా కనపడితే హైదరాబాద్ పంపిస్తాను. అక్కడ నడుములో సూది గుచ్చి నీరు తీస్తారు, అందులోంచి గాలి ఎక్కించి తలకు వరసగా ఫోటోలు తీస్తారు. కాస్త బాధగా ఉంటుంది, తలనొప్పి వస్తుంది. గడ్డే అయితే తల తెరవాల్సి వస్తుంది." తలనొప్పి వస్తుందట! దుర్గవ్వకు చెప్తున్నాడు తలనొప్పి సంగతి. లస్మవ్వ గుండెలు బాదుకుంది. పోశం డాక్టరు కాళ్లు పట్టుకోబోయాడు.  దుర్గవ్వ మాత్రం పొద్దున రైలు దిగి, పెద్దపల్లిలో బస్సెక్కి, ఆ డీజిలు కంపులో వస్తున్నప్పుడే అనుకుంది, నెత్తి తెరిస్తే తెరవనీ, లోపల ఏముందో నలుగురూ చూడనీ అని.

కళ్ల ముందరి మెరుపు రంపం ఇప్పుడు సున్నం గోడంత అయింది, అంచులు వణుకుతున్నాయి. ఎవరో పక్కన బీడీ ముట్టించారు, ఆ వాసన వందమంది కాల్చినట్టు వచ్చింది. దశరథం చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఊరికే ఉండలేని మనిషి, పని లేకపోతే చేతులు తీట. గోధుమరంగు కవరులోంచి లక్సెట్టిపేట ఫోటో తీసి ఎండకెదురుగా పట్టుకున్నాడు.

"ఒట్టి పక్కఫోటోనే తీసిండు, అది గూడ వంకర" అని తనలో తాను అనుకున్నాడు.

"అది నాదేనా?" అంది దుర్గవ్వ.

"నీదే చెల్లె. సూడలేదా ఇన్నొద్దులు?"

ఎవరు చూపించారు? ఆమె నెత్తి, ఆమె నొప్పి, చూసింది మాత్రం డాక్టర్లు, మొగుడు, చివరికి అత్త కూడా కిటికీ దగ్గర పట్టుకుని చూసిందట, వాడల వాళ్లకు కూడా చూపించిందట, ఒక్క దుర్గవ్వకు తప్ప అందరికీ. భయపడుతుందని చూపించలేదట. "ఇయ్యి" అంది. లాక్కున్నట్టే తీసుకుంది. కనిపించే సగం కంటితో చూసింది. పుర్రె. చచ్చినవాళ్ల పుర్రెలాగానే ఉంది, కళ్ల దగ్గర బొందలు, దవడ. కింద పళ్ల వరసలో ఒక ఖాళీ, మంచి పన్ను పీకిన ఖాళీ. నాదే, అనుమానం లేదు. చెవి పైన తెల్లగా, అడ్డంగా ఉంది మచ్చ. గడ్డ ఇట్లా ఉంటుందా? గడ్డ అంటే గుండ్రంగా ఉంటుందనుకుంది, నిమ్మకాయలాగా, ఇది గుండ్రంగా లేదు. కణత దగ్గర దట్టంగా మొదలై చెవి వైపు గీతలుగా సాగింది. ఒకటి, రెండు, మూడు గీతలు. పక్కపక్కన. నడిమి గీత పొట్టిగా ఉంది. రెండు పక్కలవీ చెవిదాకా పోయాయి, నడిమిది మధ్యలోనే ఆగిపోయింది.

"గీ మచ్చ ఏందన్నా గింత తెల్లగున్నది?"

"గడ్డ గావచ్చు అంటున్నరు గద. మామూలుగైతే ఎముక తెల్లగ పడ్తది, ఇనుం, ఇత్తడి, సీసం గిట్లాంటియి పడ్తయి. గందుకే పిన్నులు గంటీలు తియ్యమంటం. గుడ్డ పడదు, బట్ట మీదికెల్లి తీసినా ఫికర్ లేదు."

నడిమి గీత ఎందుకు పొట్టి? దుర్గవ్వ తల తిప్పి అత్త చేతిని చూసింది. విసురుతున్న చేతిని. ఏ కాలంలోనో కోతల్లో కొడవలికి నడిమివేలి కొస తెగిపోయింది లస్మవ్వకు, పైకణుపు లేదు. మూడు వేళ్లు. కసిగా రుద్దిన మూడు వేళ్లు. ఇది గడ్డ కాదు. పట్టు. ఇది అత్త చెయ్యి. ఫోటోలో పడ్డది అత్త చెయ్యి. ఇవాళ పొద్దున కూడా, బస్సు కుదుపులకు నొప్పి లేస్తుందని, ఎంతో ప్రేమగా, అదే సిందూరం, అదే చోట. గుడ్డ కింద ఆరిపోయి చర్మాన్ని గుంజుతోంది ఇప్పుడు కూడా. కరెంటు వస్తే మళ్లీ పడుతుంది. అచ్చం అట్లాగే పడుతుంది.

నవ్వొచ్చింది, నవ్వితే నెత్తి పగిలిపోయేలా ఉందని ఆపుకుంది. ఫోటోను ఒళ్లో బోర్లించింది. ఇప్పుడేం చేయాలి? చెప్తే, గుడ్డ విప్పి కడుక్కుంటే, ఫోటో శుభ్రంగా వస్తుంది. ఏం లేదు. మళ్లీ ఏం లేదు. మళ్లీ పొద్దటి కూత, మళ్లీ పొయ్యి, మళ్లీ గుమ్మంలోంచి ఆ గొంతు, ఈసారి ఇంకా గట్టిగా, ఇన్ని ఊళ్లు తిప్పి మమ్మల్ని ఏడిపించిందని, నెత్తిలో గడ్డ అని మంచమెక్కి రాణిలాగా గంజి తాగిందని, వాడ వాడంతా నవ్వుతుంది. చచ్చేదాకా నవ్వుతుంది. చెప్పకపోతే నడుములో సూది, నెత్తిలోకి గాలి, గుండు, ఆ పైన రంపం. నిజం రంపం. తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు, అప్పటికి తాను ఉంటుందో ఉండదో. ఉండకపోతే మాత్రం అందరూ మంచిగా తలుచుకుంటారు, పాపం నెత్తిల గడ్డతోటి ఎన్నొద్దులు మోసిందో అని. చచ్చి నమ్మించాలి, లేదా బతికి అబద్ధాలకోరు కావాలి. ఇదీ ఇచ్చింది ఆమెకు ఈ లోకం, ఏరుకో అంటోంది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఊరుకుందామనుకుంది. కోయనీ. వీళ్ల ప్రేమ వీళ్ల దగ్గరే ఉండనీ, ఆ గోనె సంచి కట్టిన చీకటిగది ఉండనీ. ఒకసారి పోశాన్ని అడిగింది, బాయి అడుగున మస్తు చీకటుంటదా, నొప్పి లేసినప్పుడు నన్ను గూడ తీసుకపో అని, వాడు పగలబడి నవ్వాడు. ఆడోళ్లను దింపరు అన్నాడు. అంతే, నవ్వాడు, అడగలేదు ఎందుకని.

ఆ పోశమే ఇప్పుడు ఏడుస్తున్నాడు. గుడ్డకట్టు మీది నుంచి ఆమె నెత్తి మీద చెయ్యి వేసి, సగమే కనిపిస్తున్న మొహంతో, ఆ సగంలోంచి కూడా నీళ్లు కారుస్తూ, "పరేషాన్ గాకు. గడ్డ తీసేస్తరు, తీసేస్తే మంచిగైతవ్. నీకేమన్న అయితే నేను బతుక" అంటున్నాడు.  దుర్గవ్వకు ఎక్కడో ఏదో తెగింది. ఎన్ని తెల్లవారుజాములు ఈ మనిషి ముందు గోడకు నెత్తి కొట్టుకుంది, అప్పుడు రాలేదు ఈ నీళ్లు. ఆమె నోటితో చెప్పింది, కళ్లతో చెప్పింది, కక్కి చెప్పింది, అప్పుడు రాలేదు. నీళ్లతో కడిగిపారేసే ఇంత సిందూరానికి వచ్చాయి. సిందూరం పాటి చెయ్యలేదా నేను? ఇంత ఆముదం పాటి చెయ్యలేదా నా మాట?

లోపల ఫ్యాను గరగరమంది. "అచ్చింది, అచ్చింది, లే చెల్లె" అని దశరథం కేక వేశాడు. దుర్గవ్వ లేచింది. గది వైపు పోలేదు. లస్మవ్వ కుడిచెయ్యి పట్టి లాగింది, ఆ లాగుడుకు కొంగుముడి జారి గంటీలు, పిన్నులు వరండా నిండా చెల్లాచెదురయ్యాయి. "ఏందే, ఏమైందే నీకు" అని ముసలామె బెదిరిపోయింది. దుర్గవ్వ ఫోటోను ఎండకెత్తి పట్టింది, ఆ వెలుతురుకు కంట్లో కారం చల్లినట్టయింది, అయినా దించలేదు.

"వేళ్లు సాపు. మూడు. పెట్టు దీని మీద."

"పిచ్చి లేసిందారా దీనికి, గడ్డ మీదికి ఎక్కిందారా పోశం..."

"పెట్టు!"

పెట్టింది. మూడు గీతల మీద మూడు వేళ్లు, మొండివేలు మొండిగీత మీద. అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. దుర్గవ్వ రెండో చేత్తో నెత్తికి కట్టిన గుడ్డ లాగి పారేసింది. కణత మీద, జుట్టు కుదుళ్లలో, ఎర్రగా ఎండిపోయి పెచ్చుకట్టిన పట్టు. "సూడుండ్రి. గిదే మీ గడ్డ" అంది. దశరథం నోరు తెరిచాడు. కేకలకు పెద్ద డాక్టరే బయటికి వచ్చాడు, చూశాడు, గోటితో గీకి చూశాడు, ఫోటో చూశాడు. "సిందూరమా? అందులో సీసం ఉంటుందమ్మా, అందుకే పడింది. అయ్యో, చెప్పొద్దూ!" అన్నాడు. ఆయన మొహంలో కూడా బరువు దిగిపోయింది. "శుభ్రంగా కడుక్కుని రా. ఒకటి తీసి చూద్దాం. ఏమీ ఉండదులే."

అన్నాడు. అననే అన్నాడు.

వరండా అంతా నవ్వింది. పోశం కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు, బీడీ కాల్చేవాడిని పట్టుకుని "గడ్డ గాదట, సిందూరమట, మా అవ్వ రుద్దిన సిందూరమట" అని చెప్తూ నవ్వాడు. దశరథం పొట్ట పట్టుకున్నాడు. లస్మవ్వ తన మూడు వేళ్లను తానే చూసుకుని, కళ్లకద్దుకుని, చేతులు జోడించి దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. నిజంగానే సంతోషించారు, పాపం, అందులో అబద్ధం లేదు. దుర్గవ్వ ఒక్కతే నవ్వలేదు. అవ్వలాగా నవ్వలేదు. ఎడమ కణత దగ్గర మేకు దిగింది.

నల్లా దగ్గరికి ఎట్లా నడిచిందో తెలియదు. లస్మవ్వ చెంబుతో నీళ్లు పోస్తోంది, ఎర్రటి నీళ్లు మెడ మీదుగా కారి మోరీ కాలువలో పడుతున్నాయి, ఆ ఎరుపులోనే పొద్దున తాగిన గంజి కూడా పడింది. కడుపంతా నోట్లోకి వచ్చింది. వంగింది, ఇంకా వంగింది, పడిపోయేదే, అంతలో లస్మవ్వ చెయ్యి ఆమె నుదుటి కింద పడి పట్టుకుంది. ముసలి చెయ్యి, గరుకుగా, చల్లగా, నెత్తి బరువంతా మోస్తూ. ఆ పట్టుకోవడంతో నొప్పి తగ్గిందని కాదు. ఎవరో పట్టుకున్నారు, అంతే. దుర్గవ్వ ఇంకోసారి కక్కింది. అప్పుడు లస్మవ్వకు గుర్తొచ్చింది కాబోలు, గడ్డ లేదని. చెయ్యి మెల్లగా వదులైంది. తీసేసింది. కొంగుకు తుడుచుకుంది.

"లే ఇగ. ఏం లేదన్నరు గద. ఆ ఫోటో ఒక్కటి తీపిచ్చుకుంటే పెద్దపల్లి బస్సు దొరుకతది."

దుర్గవ్వ వంగిన చోటినుంచే, చూడకుండానే, ఆ మణికట్టును దొరకబుచ్చుకుంది. లాగి మళ్లీ తన నుదుటికి ఆనించుకుంది.

"పట్టుకో" అంది.

"ఏందే ఇంకా?"

"గడ్డ లేదు. నొప్పున్నది. పట్టుకో అత్తా."

లస్మవ్వ చెయ్యి గుంజుకోబోయింది. దుర్గవ్వ వదల్లేదు, మోరీ వాసన, ఎండ, దశరథం కేకలు, పోశం ఇంకా ఎవరితోనో చెప్తూ నవ్వుతున్న నవ్వు, అన్నీ ఒక్కసారే నెత్తిలో దూరుతున్నా గోళ్లు దిగేలా పట్టుకుంది. ముసలామె వేళ్లు కాసేపు కట్టెల్లా బిగుసుకుని ఉన్నాయి. పోశాన్ని పిలవబోయి, ఎందుకో పిలవకుండా ఆగిపోయింది. తర్వాత ఆ వేళ్లు వంగి కణతను పట్టుకున్నాయి.

"ఇంకా గట్టిగ" అంది దుర్గవ్వ.